కోటలోంచి తుడిచేసిన ముఖాలు

రాజుల సినిమా వచ్చిన ప్రతిసారీ ఒక వాదన సిద్ధంగా ఉంటుంది. "రాజుల కథలో రాజులే ఉంటారు. అందులో బహుజనులేరీ, ఆడవాళ్ళేరీ, ముస్లింలేరీ, నల్లవాళ్ళేరీ అని అడగడమంటే చరిత్రలో లేనివాళ్ళను ఇరికించమనడమే. ఇది విదేశాల నుంచి వచ్చిన జబ్బు. సినిమాను సినిమాగా చూడండి." నిర్మాతలు అనే మాట ఇది. అభిమానులు అంటారు. బాగా చదువుకున్న విమర్శకులు కూడా అంటారు. పైకి చూస్తే చరిత్ర పక్షాన నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. నిజానికి ఈ వాదన చరిత్రకే అన్యాయం చేస్తోంది. మన రాజాస్థానాలు తెర మీద కనిపిస్తున్నంత ఏకరంగుగా ఏనాడూ లేవు. వాటిని అలా మార్చింది సినిమాయే. ప్రాతినిధ్యం అడుగుతున్నవాళ్ళు కొత్తగా ఎవరినీ చేర్చమనడం లేదు, తీసేసినవాళ్ళను తిరిగి పెట్టమంటున్నారు.

సాక్ష్యం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కోఠి నుంచి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మీదుగా హయత్‌నగర్ దాకా పోయే రోడ్డు చాలు. కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. 1798లో రెసిడెంటు పదవిలోకి వచ్చిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ప్రభువర్గపు అమ్మాయి ఖైరున్నీసాను పెళ్ళాడాడు. ఆయన కట్టించిన ఆ భవనం తర్వాత మహిళా కళాశాలకు నిలయమైంది. ఇవాళ ఆ ప్రాంగణం వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురుతిరిగి తన పంటను కాపాడుకున్న పాలకుర్తి రైతుమహిళ పేరు రెసిడెంటు దర్బారు హాలున్న ఆవరణ గేటు మీద ఉంది. ఒక సమాజం తన చరిత్రను ఇలా తిరగరాసుకుంటుంటే, మన సినిమా మాత్రం దర్బారు హాల్లోంచి అడుగు బయట పెట్టడం లేదు.

కొంచెం ముందుకొస్తే గుట్ట మీద ఆస్మాన్‌గఢ్. పాయ్‌గా వంశస్థుడు, తర్వాత హైదరాబాదు ప్రధాని అయిన ఆస్మాన్ జా కట్టించిన ప్యాలెస్. ఆ దగ్గర్లోనే ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి. రెండో నిజాం నిజాం అలీఖాన్ దగ్గర వేల మంది సైన్యాన్ని నడిపి, 1798లో చనిపోయిన ఈ విదేశీయుణ్ణి ఊరు తనవాణ్ణి చేసుకుంది. ఆయన సమాధి దగ్గర చాలాకాలం ఉర్సు జరిగేది. అదే నిజాం కొలువులో మహలఖా బాయి చందా ఉండేది. నర్తకి, కవయిత్రి, జాగీర్లు పొందిన ధనికురాలు, యుద్ధయాత్రల్లో నిజాం వెంట నడిచిన మనిషి. 1824లో మరణించిన ఆమె సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. దర్బారులో స్త్రీ అనగానే మన తెర మీద ఒక పాట, ఆ పాట చుట్టూ నగలు. దర్బారులో నర్తకి రాజకీయం మాట్లాడిందని, ఉర్దూలో దివాన్ రాసిందని చూపించడం చరిత్రను వక్రీకరించడమా, చెప్పాల్సింది చెప్పడమా?

ఇంకా ముందుకు వెళ్తే సరూర్‌నగర్ దగ్గర విక్టోరియా మెమోరియల్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో ప్యాలెస్‌గా మొదలైన కట్టడం అనాథ పిల్లలకు ఇల్లయింది. ఇప్పుడు మెట్రో స్టేషన్‌కు ఆ పేరే. ఎల్బీనగర్ దాటాక హయత్‌నగర్. హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు అది. ఆమె హైదరాబాదును కట్టిన మహమ్మద్ కులీ కూతురు, తర్వాతి సుల్తాను భార్య, ఆ తర్వాతి సుల్తాను తల్లి. 1626లో కొడుకు అబ్దుల్లా చిన్నతనంలోనే గద్దెనెక్కితే రాజ్యభారం ఆమె మోసింది. 1656లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి మాట్లాడటానికి వెళ్ళిందీ ఆమే. ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి "హయత్‌నగర్, హయత్‌నగర్" అని కేకేసే ఆటోవాళ్ళు రోజూ పిలిచేది ఒక రాజ్యాన్ని నడిపిన స్త్రీ పేరునే. ఆమె మీద భారీ సినిమా తీయాలన్న ఆలోచన మన పరిశ్రమకు రాలేదు. రాజుల కాలంలో ఆడవాళ్ళ చేతిలో అధికారం ఎక్కడిది అని అడిగేవాళ్ళు ఒక్కసారి ఈ రోడ్డు మీద ప్రయాణం చేయాలి.

ఇదే రోడ్డు విజయవాడ హైవేగా మారి నల్లగొండ జిల్లాలోకి పోతుంది. దారిలో నకిరేకల్. ఆ మండలంలోని చందుపట్లలో 1289 నాటి శాసనం దొరికింది. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వారి పుణ్యం కోసం భూమి దానం చేశానని అది చెబుతుంది. వేయించినవాడు పువ్వుల ముమ్మడి. అతను రాజు కాడు, సామంతుడు కాడు, ఆ సేనాని బంటు. తెలుగు నేలను ఏలిన మహారాణి ఎప్పుడు చనిపోయిందో మనకు తెలిసింది ఒక బంటు రాయి మీద చెక్కించిన మాటల వల్లే. రాజుల చరిత్రలో సామాన్యులకు చోటెక్కడిది అనేవాళ్ళకు ఇంతకంటే జవాబేముంటుంది? సామాన్యుడు ఆ కథలో ఉండటమే కాదు, ఆ కథను మన దాకా చేర్చింది కూడా అతనే.

కాకతీయుల సంగతే ఇంకొంచెం చూద్దాం. మన చారిత్రక సినిమాల్లో రాజు అనగానే క్షత్రియ పౌరుషం, సూర్యవంశం, చంద్రవంశం. కాకతీయులు, వారి కింది నాయకులు వేయించిన శాసనాలను పరిశీలించిన సింథియా టాల్బట్ వంటి చరిత్రకారులు తేల్చిందేమిటంటే, వాటిలో ఎక్కువ భాగం రాజులను నాలుగో వర్ణం వాళ్ళుగానే చెబుతాయి. సూర్యవంశ ప్రస్తావన కొన్నింటిలోనే ఉంది. అంటే తెలుగు దేశాన్ని ఏకం చేసిన గొప్ప రాజవంశం తన శూద్రత్వాన్ని దాచుకోలేదు. మనం దాచాం. 2015లో గుణశేఖర్ 'రుద్రమదేవి' తీశారు. ఒక స్త్రీ పేరు మీద, ఆమె పాత్ర కేంద్రంగా అంత ఖర్చుతో సినిమా తీయడం సాహసమే. ఆ సాహసాన్ని గౌరవిస్తాను. కానీ ఆ దారి అక్కడే ఆగిపోయింది. కాకతీయుల వర్ణం, వారి చెరువుల వెనుక ఉన్న చెమట, ముమ్మడి వంటి బంట్ల జీవితం ఇంకా తెరకు అంటరానివే.

ఇక "విదేశీ జబ్బు" అన్న ఆరోపణ. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను 1949లో ప్రచురించారు. రాజుల యుద్ధాలు, వంశావళులే చరిత్ర కావని, ప్రజలు ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలాడారో, ఎవరిని పూజించారో అది చరిత్ర అని ఆ పుస్తకం నిరూపించింది. 1955లో తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడెమీ పురస్కారం దానికే దక్కింది. గోల్కొండ పత్రిక నడిపిన ఈ తెలంగాణ మనిషి ఏ విదేశీ ఉద్యమాన్ని చూసీ ఆ పుస్తకం రాయలేదు. కావ్యాల్లోంచి, శాసనాల్లోంచి, చాటువుల్లోంచి జనాన్ని వెతికి తీశాడు. మనం అడుగుతున్నది ఆయన మొదలుపెట్టిన పనినే తెర మీద కొనసాగించమని.

విదేశాల పేరెత్తినవాళ్ళు 'బ్రిడ్జర్‌టన్' సీరీస్‌ను తప్పకుండా ఉదహరిస్తారు. 2020లో వచ్చిన ఆ కథలో పంతొమ్మిదో శతాబ్దం తొలినాటి లండన్ ప్రభువుల మధ్య నల్లజాతి డ్యూక్ కనిపిస్తాడు. అది అక్కడి రచయితలు కావాలని చేసిన ఊహ, దాని మీద అక్కడ వాదోపవాదాలు ఉండొచ్చు. మన సంగతి వేరు. మన దగ్గర ఆఫ్రికా మనుషులు ఊహలో కాదు, కోటల్లోనే ఉన్నారు. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించి మొఘలులను ముప్పుతిప్పలు పెట్టిన మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టినవాడు. మన వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు దగ్గర ఆఫ్రికన్ సిద్దీల దళం ఉండేది. 1866లో ఆయన మరణం తర్వాత ఆ దళం నిజాం కొలువులో చేరింది. వారు స్థిరపడ్డ చోటు ఇవాళ్టికీ ఏసీ గార్డ్స్ పేరుతో నగరం నడిబొడ్డున ఉంది. హైదరాబాదు పెళ్ళి బారాత్‌లో మోగే మర్ఫా వాళ్ళూ అరబ్బులూ కలిసి మనకిచ్చిందే. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో బారాత్ వెళ్తుంటే ఆ దెబ్బకు కులమతాలు లేకుండా అందరం చిందేస్తాం. అదే వనపర్తి సంస్థానం మీద సినిమా తీసి, గుర్రాల మీద సిద్దీ సైనికుణ్ణి చూపిస్తే మాత్రం "ఇదేం విడ్డూరం" అంటాం. వనపర్తి రాజు దళంలో నల్లవాళ్ళు లేకుండా తీసిన సినిమాయే అబద్ధం. ఉండేలా తీసినదే నిజం.

మతం విషయంలోనూ అంతే. ఇబ్రహీం కుతుబ్ షా విజయనగరంలో ఏడేళ్ళు ఆశ్రయం పొంది వచ్చి 1550లో గోల్కొండ గద్దెనెక్కాడు. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా చెప్పుకునే పొన్నికంటి తెలగన్న 'యయాతి చరిత్రము' పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కు అంకితం. కుతుబ్ షాహీ వంశంలో చివరి సుల్తాను తానీషాకు ప్రధాని మాదన్న. రెండు శతాబ్దాలు దాటాక కూడా ఆ కలయిక తెగలేదు. హైదరాబాదు ప్రధానిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్‌కు హిందూ భార్యలూ ముస్లిం భార్యలూ ఉన్నారు. పిల్లలను ఎవరి తల్లి మతంలో వారినే పెంచాడు. 'షాద్' పేరుతో ఉర్దూ కవిత్వం రాశాడు. ఇన్ని పొరలున్న కొలువును మన సినిమా ఎలా చూపిస్తోంది? ముస్లిం ప్రభువంటే సుర్మా పెట్టిన క్రూరమైన కళ్ళు, వచ్చీరాని తెలుగు. ఆ రాజుల్లో క్రూరులు లేరని నేననడం లేదు. క్రూరత్వం ఏ మతపు గద్దె మీదైనా కూర్చుంది. కానీ తెలుగు కావ్యానికి అంకితం అందుకున్న సుల్తానును పూర్తిగా మాయం చేసి ఒక్క క్రూరుణ్ణే మిగిల్చడం చరిత్ర కాదు, పక్షపాతం.

పాలించినవాళ్ళందరూ పై కులాలవాళ్ళే అన్నదీ నిజం కాదు. చాందా గోండు రాజులు శతాబ్దాల పాటు ఏలి 1751లో మరాఠాల చేతిలో రాజ్యం పోగొట్టుకున్నారు. ఉట్నూరు కోట గోండులదే. మన సినిమాలో గోండు మనిషి అడవిలో అమాయకుడిగానో, చేతులెత్తి వేడుకునేవాడిగానో కనిపిస్తాడు తప్ప సింహాసనం మీద కనిపించడు. గౌడ కులంలో పుట్టిన సర్వాయి పాపన్న జనగామ ప్రాంతంలోని షాపురం కేంద్రంగా కోట కట్టి, 1708లో వరంగల్‌ను కొల్లగొట్టి, భువనగిరి మీదా దాడి చేశాడు. 1709లో హైదరాబాదు వచ్చిన మొఘల్ చక్రవర్తి బహదూర్ షా అతనికి గౌరవ వస్త్రాలు ఇచ్చాడు. కల్లు గీసే కులంవాడికి దర్బారు మర్యాదా అని అప్పటి ప్రభువర్గం గగ్గోలు పెట్టింది. చక్రవర్తి మనసు మార్చుకుని సైన్యాన్ని పంపాడు. 1710లో పాపన్న తల తీశారు. అతను సాధువు కాదు, దోపిడీలు చేశాడు. దోపిడీ చేయని రాజు ఎవరో చెప్పండి. మూడు వందల ఏళ్ళ కింద ఆ దర్బారులో వినిపించిన అభ్యంతరమే ఇవాళ "రాజుల సినిమాలో వీళ్ళెందుకు" అన్న గొంతులోనూ వినిపిస్తోంది. మాటలు మర్యాదగా మారాయి, అంతే.

"సరే, చరిత్రను వదిలెయ్యండి, మాది కల్పన" అంటారు మరికొందరు. 'బాహుబలి' జానపదమే కదా, మాహిష్మతి ఊహే కదా, దానికి ప్రాతినిధ్యం ఏమిటి అంటారు. కల్పన కాబట్టే ఇంకా గట్టిగా అడగాలి. చరిత్రలో పేర్లు, తేదీలు ముందే రాసి ఉంటాయి. కల్పనలో ప్రతి ముఖాన్నీ, ప్రతి రంగునూ ఎంచుకునేది దర్శకుడే. మాహిష్మతి సింహాసనం చుట్టూ తెల్లని ఒళ్ళు. దాడికొచ్చిన కాలకేయులకు నల్లరంగు పులిమిన ఒళ్ళు, గారపట్టిన పళ్ళు, మనిషి భాషలా వినపడని భాష. ఇది యాదృచ్ఛికం కాదు, ఎంపిక. కట్టప్పను చూడండి. పూర్వీకుల మాట వల్ల తరతరాలుగా సింహాసనానికి బానిస అయిన మనిషి. ఆ బానిసత్వం తప్పని ఆ కథకు ఎక్కడా అనిపించదు. అది మహోన్నత విధేయతగా మారి చప్పట్లు కొట్టించుకుంటుంది. వెట్టి నుంచి బయటపడి వందేళ్ళు కూడా కాని ఈ నేల మీద ఆ చప్పట్లు నన్ను బాధపెడతాయి. గొప్ప సాంకేతిక నైపుణ్యం ఉన్న సినిమా అది. అంత నైపుణ్యం ఉన్నప్పుడు బాధ్యత కూడా అంతే ఉండాలి.

"నటనకు కులమేమిటి, రంగేమిటి? ప్రతిభ ఉన్నవాళ్ళు వస్తారు" అన్నది తర్వాతి వాదన. ఈ మాట అనేముందు పి.కె. రోజీ పేరు గుర్తు తెచ్చుకోవాలి. మలయాళంలో జె.సి. డేనియల్ తీసిన తొలి సినిమా 'విగతకుమారన్'లో దళిత స్త్రీ అయిన రోజీ నాయరు కులీనురాలి పాత్ర వేసింది. తెర మీద ఆమెను ఆ వేషంలో చూసి భరించలేక జనం దాడికి దిగారు. ఆమె ఊరొదిలి పారిపోవాల్సి వచ్చింది. సినిమా మనిషిగా ఆమె జీవితం అక్కడితో ముగిసింది. మన దగ్గర 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. చల్లపల్లి జమీందారు నిర్మించిన ఆ సాహసోపేతమైన సినిమాలో మాలపిల్ల పాత్ర దళితేతర నటి కాంచనమాలది. ఆమె నటనను అప్పటి జనం నెత్తిన పెట్టుకున్నారు, పెట్టుకోవాల్సిందే. కానీ రెండు ఉదంతాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పై మనిషి కింది మనిషి వేషం వేస్తే కళ. కింది మనిషి పై మనిషి వేషం వేస్తే నేరం. ప్రతిభకు కులం లేదన్న మాట నిజమైతే ఈ దారి రెండు వైపులా తెరిచి ఉండాలి. ఇన్నేళ్ళ తర్వాత కూడా మహారాణి పాత్రకు సూర్యాపేట నల్లపిల్లను ఎవరైనా పిలుస్తున్నారా? ఆమెను చెలికత్తెల వరసలో కూడా ముందు నిలబెట్టరు.

చివరికి మిగిలేది మార్కెట్ వాదన. "జనం ఇదే చూస్తారు." ఏ జనం? దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి గల్లీలకు రండి. కోణార్క్, వెంకటాద్రి అని సినిమా హాళ్ళ పేర్లతో దారి చెప్పుకున్న ప్రాంతం ఇది. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్, వనపర్తి నుంచి వచ్చిన వేలాది పిల్లలు ఇక్కడి హాస్టళ్ళలో ఉండి గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు చదువుకుంటారు. ఫుట్‌పాత్ మీద అమ్మే తెలంగాణ చరిత్ర పుస్తకాల్లో కాకతీయుల శాసనాలు, సర్వాయి పాపన్న, చాకలి ఐలమ్మ, కొమురం భీం అన్నీ ఉంటాయి. అవి రాత్రింబగళ్ళు చదివి, ఆదివారం సినిమాకు వెళ్ళేది ఈ పిల్లలే. వాళ్ళకు చరిత్ర తెలియదనుకోవడం, తెలిసినా తెర మీద చూడాలని కోరుకోరనుకోవడం వాళ్ళను తక్కువ చేయడమే. టికెట్టు కొనేది వాళ్ళు. తెర మీద తమ తాతముత్తాతల నీడైనా లేని కథకు చప్పట్లు కొట్టాల్సిందీ వాళ్ళేనా?

ఒక హెచ్చరిక మన వైపు వాళ్ళకు కూడా. దర్బారు సీనులో నలుగురు నల్లవాళ్ళను, ఇద్దరు ఆడ సైనికులను నిలబెడితే న్యాయం జరిగిపోయిందనుకోకూడదు. ప్రాతినిధ్యం ముఖాల లెక్కతో తేలదు. కోటను ఎవరి కళ్ళతో చూస్తున్నామన్నది అసలు సంగతి. కోట తలుపు ఎవరికి మూసి ఉందో చూపించడం కూడా ప్రాతినిధ్యమే. దానికి మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి'. అది గడీ కథ, దొర కథ, దొరసాని కథ. కానీ మనం చూసేది పెళ్ళికూతురితో పాటు అరణంగా వచ్చిన ఆడబాప కమలాక్షి కళ్ళతో. ఆ పాత్రకు అర్చన జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకుంది. కళాదర్శకత్వానికి తోట వైకుంఠం, దుస్తులకు సుదర్శన్ జాతీయ పురస్కారాలు పొందారు. తెలంగాణ నల్లని స్త్రీని తన బొమ్మల్లో మహారాణిలా నిలిపిన వైకుంఠమే ఆ గడీ గోడలకు రంగు వేశాడు. ఆ సినిమాలో ఒక్క యుద్ధం లేదు, ఏనుగులు లేవు. ప్రభువర్గం అంటే ఏమిటో, అది ఎవరి ఒంటి మీద నిలబడిందో అంత స్పష్టంగా చెప్పిన తెలుగు సినిమా మరొకటి నాకు కనిపించలేదు.

కాబట్టి అడగాల్సింది అడుగుదాం. రాజుల సినిమా తీసేవాళ్ళు గ్రాఫిక్స్‌కు ఖర్చు పెట్టే కోట్లలో కొంత శాసనాలు చదివేవాళ్ళకు ఇవ్వాలి. గోల్కొండ కథకు దక్కనీ తెలిసిన రచయితను, వనపర్తి కథకు సిద్దీ కుటుంబాలను, చాందా కథకు గోండు నటులను పిలవాలి. మహారాణి పాత్రకు ఆడిషన్ పెట్టినప్పుడు మన జిల్లాల అమ్మాయిలను రంగు చూసి వెనక్కి పంపకూడదు. విలన్‌కు నల్లరంగు పూయడం ఆపాలి. కథలో బానిస ఉంటే అతని విధేయతకు హారతి పట్టే ముందు, అతను ఎందుకు బానిస అయ్యాడో చెప్పాలి. ఇవేవీ అసాధ్యాలు కావు. డబ్బుంది, నైపుణ్యముంది, చరిత్ర కళ్ళముందే ఉంది.

ఇవి చేయలేమంటే తీయండి, ఎవరూ అడ్డురారు. జానపదమనో, వినోదమనో పేరు పెట్టుకోండి. కానీ పోస్టరు మీద "చారిత్రక చిత్రం" అని వేసుకుంటే, ఆ చరిత్రలో పాలు పంచుకున్న ప్రతి ఒక్కరికీ మీరు జవాబుదారులు. ఆ జవాబు అడిగే హక్కు టికెట్టు కొన్న ప్రతి మనిషికీ ఉంది. దాన్ని విదేశీ జబ్బని కొట్టిపారేస్తే ఊరుకోం.